ఫిబ్రవరిలో డెలివరీ, జూలైలో ఉద్యోగం: మెటర్నిటీ డబ్బులు వస్తాయా?

నరసన్నపేట అబ్బాయి, లెస్టర్:

అందరికీ నమస్కారం. 2025 మార్చిలో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చి ఉద్యోగంలో చేరాను. మా ఆవిడ డిపెండెంట్. జూలై 1 నుంచి గోడౌన్‌లో చేస్తోంది, వారానికి 300 పౌండ్లు దాటుతుంది. 2026 ఫిబ్రవరి 10కి డెలివరీ డేట్ ఇచ్చారు. ఇక్కడ సర్కారు డబ్బు ముట్టుకుంటే వీసా పోతుందని రూమ్మేట్ భయపెడుతున్నాడు. ఊళ్లో అత్తగారేమో అంగన్‌వాడీలో పేరు రాయిస్తే ఐదు వేలు వస్తాయంటున్నారు. ఏటి చెయ్యాలో తోచట్లేదు.

బొబ్బిలి అక్క, బర్మింగ్‌హామ్:

శుభవార్త తమ్ముడూ! మీ రూమ్మేట్ చెప్పింది సగమే నిజం. మన వీసాల మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (సర్కారు సొమ్ము తీసుకోకూడదు) అని ఉంటుంది కదా, దాని ప్రకారం ముట్టుకోకూడనివి చైల్డ్ బెనిఫిట్, యూనివర్సల్ క్రెడిట్ లాంటివి. ఎవరో చెప్పారని చైల్డ్ బెనిఫిట్ ఫారం నింపెయ్యకు. ఉద్యోగం చేసినందుకు వచ్చే మెటర్నిటీ డబ్బు పబ్లిక్ ఫండ్స్ కిందకి రాదు.

కంపెనీ ఇచ్చేది ఎస్‌ఎంపీ, అంటే స్టాట్యుటరీ మెటర్నిటీ పే. డెలివరీకి 15 వారాల ముందు నాటికి అదే కంపెనీలో 26 వారాలు నిండాలి. రెండూ కలిపితే 41. అంటే నెల తప్పకముందే ఉద్యోగంలో ఉండాలన్నమాట! అక్టోబరు ఆఖరికి మీ ఆవిడకి 17 వారాలే. కాబట్టి అది రాదు.

కానీ మెటర్నిటీ అలవెన్స్ వస్తుంది. డెలివరీకి ముందు 66 వారాల్లో 26 వారాలు ఉద్యోగంలో ఉండి, ఏవైనా 13 వారాలు కనీసం 30 పౌండ్ల చొప్పున సంపాదిస్తే చాలు. జీతం ఆ మాత్రం ఉంది కాబట్టి 2025-26 రేటు ప్రకారం వారానికి 187.18 పౌండ్లు, 39 వారాలు. నీకూ తండ్రిగా రెండు వారాల పెటర్నిటీ పే ఉంది, అక్టోబరు ఆఖరులోపే హెచ్‌ఆర్‌కి చెప్పు.

గర్భం 20 వారాలు దాటాక మిడ్‌వైఫ్ (కాన్పు నర్సు) డెలివరీ డేట్ రాసిన మ్యాట్‌బీ1 కాగితం ఇస్తుంది. దాన్ని ప్రాణంలా చూసుకోండి. నా అప్పుడు మా హెచ్‌ఆర్ ‘వీసా వాళ్లకి ఉండదు’ అని నోటిమాటగా చెప్పేసి కాగితం సొరుగులో పడేసింది. మూడు వారాలు దాని చుట్టూ తిరిగాను. ఎస్‌ఎంపీ ఇవ్వకపోతే కంపెనీ ఎస్‌ఎంపీ1 ఫారంలో కారణం రాసిచ్చి మ్యాట్‌బీ1 వెనక్కివ్వాలి, అది రూలు. అదే ముక్క మెయిల్‌లో పెట్టాను. మర్నాడే జీతాల సెక్షన్ నుంచి ఫోను, ‘మీకు వస్తుందండీ’ అని. మీ ఆవిడకి మాత్రం నిజంగానే ఎస్‌ఎంపీ1 కావాలి. మెటర్నిటీ అలవెన్స్‌కి పెట్టే ఎంఏ1 ఫారంతో పాటు ఈ రెండు కాగితాలూ, పేస్లిప్పులూ పంపాలి. గర్భం 26వ వారం నుంచి అప్లై చెయ్యొచ్చు.

అన్నట్టు, గర్భంతో ఉన్నన్నాళ్లూ, బిడ్డ పుట్టాక ఏడాదీ మందులూ, ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి సర్కారు వైద్య సేవ) పంటి వైద్యమూ ఫ్రీ. మిడ్‌వైఫ్‌ని అడిగి మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ తీసుకోండి.

నరసన్నపేట అబ్బాయి:

బతికించావు అక్కా. మరి అంగన్‌వాడీ? మొదటి కాన్పు పుట్టింట్లోనే అని కూడా పట్టుబడుతున్నారు.

బొబ్బిలి అక్క:

ఆ ఐదు వేలు మాతృ వందన యోజనవి. అక్కడ నమోదై, అక్కడే పరీక్షలు చేయించుకుని, బిడ్డకి టీకాలు వేయిస్తేనే విడతలుగా పడతాయి. లెస్టర్‌లో స్కాన్‌లు తీయించుకుంటూ ఊళ్లో పేరు రాయించే పని పెట్టుకోకండి. వెళ్లేదైతే త్వరగా తేల్చుకోండి, 28 వారాలు దాటితే విమానం వాళ్లు డాక్టరు లెటర్ అడుగుతారు. మాకు అమ్మే ఇక్కడికి వచ్చింది, సూట్‌కేసులో చీరలు రెండే, మిగతాదంతా సొంఠి, వాము, కాయం డబ్బాలు.