పిత్తాశయంలో రాయి: నొప్పి లేకపోయినా ఆపరేషన్ చేయించాలా?

వేపచెట్టు: మా నాన్నగారికి 62 ఏళ్లు. వేరే పనిమీద స్కానింగ్ తీయిస్తే పిత్తాశయంలో 9 మిల్లీమీటర్ల రాయి కనబడింది. నొప్పి లేదు. వచ్చే వారమే ఆపరేషన్ అంటున్నారు. చేయించమంటారా?

కృష్ణాతీరం: ఆలస్యం చేయకండి. మా అమ్మకు భోజనమైన గంటకు డొక్కలో పోటు వచ్చి కుడి భుజం దాకా పాకేది. గ్యాస్ అనుకుని సోడా తాగించాం. చివరికి చిన్న రాయి జారి పిత్తనాళానికి అడ్డుపడింది. క్లోమం వాచి 11 రోజులు ఐసీయూలో ఉంది.

మెట్టవాసి: ఆయనకు నొప్పే లేదని రాశారు, చదివారా? లక్షణాలు లేనివారిలో ఏడాదికి నూటికి ఒకరి నుంచి నలుగురికే ఇబ్బంది మొదలవుతుంది. అలాంటి రాళ్లను సాధారణంగా కదిలించరు. అయినా రాయి కోసం పిత్తాశయం సంచినే మొత్తం తీసేయడం ఏమిటి?

తులసికోట: కొండపిండి ఆకు కషాయం తాగించండి. మా బాబాయికి వారంలో పడిపోయాయి.

కృష్ణాతీరం: తులసికోట గారూ, అది మూత్రపిండాల రాళ్లకు వాడే ఆకు. పిత్తాశయానికీ మూత్రానికీ దారే లేదు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే పచ్చని రాళ్లు పడతాయని కూడా ప్రచారం ఉంది. అవి నూనె కడుపులో సబ్బులా గట్టిపడిన ఉండలేనని 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మెట్టవాసి గారూ, సంచి ఉంచి రాళ్లు మాత్రమే తీస్తే మళ్లీ అక్కడే పుడతాయి. 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ అనే సర్జన్ మొదటిసారి పిత్తాశయాన్ని తీసింది ఈ ఆలోచనతోనే. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం. సంచి లేకపోతే అది నేరుగా పేగులోకి వెళుతుంది.

మెట్టవాసి: కరిగించే మాత్రలు ఉన్నాయిగా?

పాత మందులకొట్టు: ఉన్నాయి. చిన్న కొలెస్టరాల్ రాళ్లకే పనిచేస్తాయి. నెలల తరబడి వాడాలి, ఆపాక మళ్లీ రావచ్చు. సున్నం పట్టినవి కరగవు.

కృష్ణాతీరం: ఇప్పటికైనా ఒప్పుకుంటారా?

మెట్టవాసి: నాకు పాఠాలు చెప్పకండి. మూడేళ్ల కిందట మా ఆవిడకు పొట్ట ఉబ్బరమని వెళితే రాళ్లు చూసి సంచి తీసేశారు. ఉబ్బరం అలాగే ఉంది, పైగా విరేచనాలు తోడయ్యాయి. ఆగితే ఏమవుతుందని అడిగాను. జవాబు చెప్పకుండా కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు!

కృష్ణాతీరం: మా అమ్మకు ఆగమని చెప్పింది డాక్టర్ కాదండీ, నేను. రెండుసార్లు తేదీ ఇచ్చారు. పిల్లల పరీక్షలని రెండుసార్లూ వాయిదా వేయించాను.

మెట్టవాసి: ఆ సంగతి నాకు తెలియదు. మీ అమ్మగారికి నొప్పి ఉంది కాబట్టి ఆపరేషన్ కావలసిందే, దాన్ని నేను కాదనలేదు. నా కోపం ఆ సంతకం మీద. నొప్పి లేని మనిషికి ఇంత తొందర ఎందుకో వేపచెట్టు గారు అడగాలి.

కృష్ణాతీరం: అడగనివ్వండి. కానీ నొప్పితో పాటు జ్వరమో కామెర్లో కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు.

వేపచెట్టు: ఇదంతా చదివాక నాన్నగారిని అడిగాను. పెళ్లి భోజనాలు చేసిన రాత్రులు కుడి డొక్క పట్టేసి గంటసేపు వదలదట. మేము కంగారు పడతామని చెప్పలేదట. నొప్పి లేదని మీకు రాసింది నేనే, ఆయనను అడగకుండా. రేపు ఇంకొక సర్జన్‌కు చూపిస్తున్నాం. ఈసారి ఆయననే మాట్లాడమన్నాను.