ఒకే స్థలానికి ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను రెండూ: పాతదాన్ని ఎట్టా తీయించాలి?

నెల్లూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీ. స్థలం ఒకటే, అసెస్‌మెంట్ నంబర్లు (పన్ను ఖాతా నంబర్లు) రెండు. ఇంటికి పన్ను వేసిన రోజే ఖాళీ స్థలం నంబరు రద్దు కావాలి. కాలేదు. దాంతో ఆన్‌లైన్‌లో ఆ పాత నంబరు మీద బకాయి, దాని మీద వడ్డీ పెరుగుతున్నాయి. పాతదాంట్లో డోర్ నంబరు లేదు, పేరుకి ముందు పొడి అక్షరమే. కొత్తదాంట్లో పూర్తి ఇంటిపేరు. రెండూ ఒకటేనని కంప్యూటర్‌కి ఎట్టా తెలుస్తుంది?

రిజిస్ట్రేషన్ దస్తావేజు, ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదు, రెండు నంబర్ల డిమాండ్ కాపీలు జతచేసి వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి, అంతవరకు సరే. బిల్ కలెక్టర్ల నోటిమాట లెక్కలోకి రాదు.

తెలిసినవాళ్లు ఇవి చెప్పండి. రద్దు ఎప్పటినుంచి లెక్కేస్తారు: ఇంటి పన్ను మొదలైన అర్ధ సంవత్సరం నుంచా, అర్జీ తేదీ నుంచా? అసలు చిక్కు ఇదే. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) తనిఖీకి వస్తే ఇంటి కొలతలు కూడా మళ్లీ తీస్తారా? ప్లాన్ కంటే ఎక్కువ కట్టుంటే పన్ను మీద 25 శాతం నుంచి అదనపు వడ్డన ఉంది కదా, అందుకు అడుగుతున్నా. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను కడితే 5 శాతం తగ్గింపు. ఇంటి నంబరు మీద మాత్రమే కట్టి, రెండోది ఆపితే ఇబ్బందా? పొరపాటున కట్టేసినదాన్ని ఇంటి పన్నులో సర్దుతారా?