ఏ కణం ఏ కణాన్ని కాపాడుతోంది?

ఒక సైన్స్ వ్యాసం రాస్తూ ఈ వాక్యం దగ్గర ఇరుక్కుపోయాను: "నానోకణాలు నాడీకణాలను కాపాడతాయి." ఇంటర్ చదివే మా అమ్మాయికి వినిపిస్తే, "రెండూ ప్రాణమున్నవేనా నాన్నా?" అంది.

తప్పు దానిది కాదు. ఎర్ర రక్తకణమూ మనకు కణమే, భౌతికశాస్త్రంలోని ఆల్ఫా కణమూ కణమే. హిందీలో జీవానికి కోశిక, పదార్థానికి కణ్ అని వేరువేరు మాటలున్నాయి. కన్నడంలో జీవకోశ, కణ అంటారు. మనకు వేర్వేరు పాఠాల్లో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు, ఒకే వాక్యంలోకి వచ్చేసరికే చిక్కు. నేను చెప్పదలచుకున్నది సీరియం అనే లోహపు ఆక్సైడ్‌తో చేసిన నానోకణాల గురించి. దాని ఉపరితలం మీది సీరియం రెండు రూపాల మధ్య అటూ ఇటూ మారుతూ, నాడీకణాలను దెబ్బతీసే, తెగ చురుకైన అణువులైన ఫ్రీ రాడికల్స్‌ను అణచగలదని ప్రయోగశాలల్లో చూశారు. అది ప్రాణంలేని నలుసు. దాన్ని కణం అంటే ఎలా?

జవాబు 1: రేణువు అనండి సార్. ఇసుక రేణువు, పుప్పొడి రేణువు అంటున్నాం కదా. నా గొడవంతా "ఉత్తేజపరచడం" మీద. నాడీకణాలను స్టిమ్యులేట్ చేయడాన్ని అలా రాస్తే, ఎవరో మైకు పట్టుకుని వాటికి ఊపు తెచ్చినట్టుంటుంది.

జవాబు 2: నాకైతే "నరాల కణం" అంటేనే టెన్షన్. కాలు కొంకర్లు పోతే నరం పట్టేసిందంటాం, రక్తం తీసేటప్పుడు నరం దొరకలేదంటాం. నాడీకణమే మేలు, నాడి అంటే చేయి పట్టుకుని చూసేది కూడా అయినా. గ్రీకువాళ్లదీ ఇదే కథ, నాడీకణానికి ఇంగ్లీషులో వాడే న్యూరాన్ అంటే వాళ్లకు మొదట స్నాయువు, వింటినారి.

మళ్లీ నేను: వింటినారి అనగానే మాట దొరికింది. మీటడం! 2015లో అమెరికాలోని ఎంఐటీలో పోలినా అనికీవా బృందం చేసింది అదే. ఐరన్ ఆక్సైడ్ రేణువులను ఎలుకల మెదడులోకి ఎక్కించి, బయటినుంచి వేగంగా మారే అయస్కాంత క్షేత్రం పెట్టారు. రేణువులు వేడెక్కాయి. ఆ వేడికి నాడీకణాల పొరలో ఒక ద్వారం తెరుచుకుని కాల్షియం లోపలికి పోయింది, కణాలు సంకేతాలు పంపాయి. ఆ ద్వారం పేరు టీఆర్‌పీవీ1. మిరపకాయ కొరికినప్పుడు మన నోట్లో తెరుచుకునేదీ అదే. (ఆ ఎలుకల నాడీకణాల్లో అది ఎక్కువగా తయారయ్యేలా ముందే జన్యువును చేర్చారు.) తీగను మీటితే పలికినట్టు కణం పలికింది. పైగా స్విచ్చిని మనం మీట అనే అంటాం.

జవాబు 1: బాగుంది, కానీ మీటడం ఒక్క దెబ్బకు సరిపోతుంది. నాడీకణాలకు గంటలకొద్దీ ఇచ్చే కరెంటుకు ప్రేరేపించడమే నయం.

మళ్లీ నేను: ఒప్పుకుంటున్నా. రేణువు, నాడీకణం ఖాయం చేశాను. "నానో"ను మాత్రం అలాగే ఉంచుతాను. గ్రీకులో దానికి మరుగుజ్జు అని అర్థం కదా అని "మరుగుజ్జు రేణువు" సూచించేవాళ్లకు ముందే దండం.