మార్లిన్ 336 మీద స్కోప్ నిలవడం లేదు. లాక్‌టైట్ వేయాలా, వద్దా?

డాలస్_కొత్తవాడు: మార్లిన్ 336 లివర్ రైఫిల్ కొన్నాను, థర్టీ-థర్టీ తూటాది. స్కోప్ నేనే బిగించాను. ఒక పెట్టె తూటాలు అయ్యేసరికి గురి కుడికి జరిగిపోతోంది. స్క్రూలకు లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) వేస్తే ఆగుతుందా?

రావు_ఆస్టిన్: ఆగుతుంది. ముందు బేస్ (తుపాకీ మీద స్కోప్ కూర్చునే పట్టీ) విప్పి స్క్రూలు, రంధ్రాలు ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడవండి. నూనె ఉంటే లాక్‌టైట్ పట్టదు. నీలం రంగుది ఒక్క చుక్క చాలు. ఎర్రది వద్దు, మళ్లీ విప్పాలంటే వేడి చేయాలి. బిగింపు బేస్‌కి 20 ఇంచ్-పౌండ్లు, స్కోప్‌ని పట్టే రింగులకు 15 నుంచి 18. కంపెనీ కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

పాతకాపు: ఆ జిగురు మాటే ఎత్తొద్దు. ఒక గన్‌స్మిత్ నా మార్లిన్ 1895కి అదే పూశాడు. తర్వాత విప్పబోతే స్క్రూ తల అరిగిపోయింది, డ్రిల్లు పెట్టి తీయించాల్సి వచ్చింది. డబ్బులూ నావే, గీతలు పడ్డ తుపాకీ కూడా నాదే. చేత్తో గట్టిగా బిగిస్తే చాలు.

రావు_ఆస్టిన్: తల అరిగింది సరిపోని బిట్ వాడినందుకు, లాక్‌టైట్ వల్ల కాదు. మీ 1895 పెద్ద తూటా, ఫార్టీఫైవ్-సెవెంటీ, తన్నుడికి చేత్తో బిగించింది ఎన్నాళ్లు ఆగుతుంది?

పాతకాపు: నా దగ్గర ఆగింది.

శ్రీను_టల్సా: స్క్రూల పొడవు చూశారా? ఒకటి పొడవైతే కొన రంధ్రం అడుగున తగులుతుంది. డ్రైవర్‌కి బిగిసినట్టే ఉంటుంది, బేస్ మాత్రం కదులుతుంటుంది. స్కోప్ తీసేసి బేస్‌ని వేళ్లతో అటూ ఇటూ ఊపి చూడండి.

వించెస్టర్94: మీకు నయం, కాల్చాక ఖాళీ తూటా ఖోకా పక్కకి పోతుంది. నా పాత 94లో నేరుగా పైకి ఎగురుతుంది, నడిమధ్య స్కోప్ పెట్టే దారే లేదు.

రావు_ఆస్టిన్: పాతకాపు గారూ, మీ 1895 మీద ఇప్పుడు స్కోప్ ఉందా?

పాతకాపు: లేదు. తీసి పారేశాను. అసలు లివర్ తుపాకీకి స్కోప్ దేనికి? అద్దంలో జింక దగ్గరగా కనబడుతుంది, 250 గజాల నుంచి కాల్చేస్తారు. థర్టీ-థర్టీకి అంత దూరం తగదు. పొట్టలో తూటాతో పొదల్లోకి పోయిన జింకను చీకటి పడేదాకా వెతికాను. కాల్చినవాడు ట్రక్కులో కూర్చున్నాడు.

రావు_ఆస్టిన్: ఈ మాట మొదటే చెప్పాల్సింది. ఇంతసేపూ స్క్రూల మీద కొట్టుకున్నాం. నా సంగతి వినండి. యాభై దాటాక ముందు సైటు నాకు మసకగా కనిపిస్తోంది. స్కోప్ లేకుండా 80 గజాలకి కాల్చినా గాయపరిచేది నేనే. 150 దాటితే వేలు ట్రిగ్గర్ మీద పెట్టను.

పాతకాపు: మీరు పెట్టరు. ఈ కుర్రాడి సంగతేంటి? ఎక్కుపెట్టిన సుత్తిని (హ్యామర్) పేల్చకుండా దించడం వచ్చా అతనికి? స్కోప్ కింద బొటనవేలు సరిగ్గా ఆనదు. జారితే తూటా పేలుతుంది.

రావు_ఆస్టిన్: సుత్తి విషయంలో మీతో ఏకీభవిస్తాను. పక్కకి పొడుచుకొచ్చే హ్యామర్ స్పర్ తప్పకుండా పెట్టాలి. స్కోప్ వద్దనడం మాత్రం ఒప్పుకోను.

డాలస్_కొత్తవాడు: శ్రీను అన్నా, బేస్ ఊగుతోంది. స్క్రూలు కొలిచి చెబుతా. పాతకాపు గారూ, ఇప్పటికి రేంజ్‌లో 100 గజాలే కాలుస్తున్నాను. స్పర్ కుడివైపు పెట్టాలా, ఎడమవైపా?

పాతకాపు: ఏ చేత్తో కాలుస్తావో ఆ వైపు. ముందు ఖాళీ తుపాకీతో, నేలవైపు గురిపెట్టి సుత్తి దించడం నేర్చుకో.