పురుగుమందు, కట్లపాము: రెండూ నరాల మీదే పనిచేస్తే లక్షణాలు ఎందుకు వేరు?

పత్తిచేను:
పోయిన వానాకాలం మా బాబాయి పత్తికి మోనోక్రోటోఫాస్ కొట్టి ఇంటికొచ్చాక ఒళ్లంతా చెమట, నోట్లోంచి చొంగ, కండలు అదరడం. కంటిపాపలు ఆవగింజంత అయ్యాయి. అంతకు రెండేళ్ల ముందు మేనత్తను నిద్రలో కట్లపాము కరిచింది. నొప్పి లేదు, చెమట లేదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి మాట ముద్దయింది. ఇద్దరికీ విషం నరాలకే ఎక్కిందన్నారు. మరి ఇంత తేడా ఎందుకు?

ఐసీయూ నర్సు:
తేడా అంతా నరం చివర ఉంది తమ్ముడూ. మెదడు, వెన్నుపాము నుంచి కబురు నరం వెంట కరెంటులా వస్తుంది. కానీ నరం కండకు అతుక్కుని ఉండదు, వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు సందు ఉంటుంది. నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఊరి, సందు దాటి కండ మీది రిసెప్టర్లకు, అంటే దాన్ని అందుకునే చోట్లకు, తగిలితేనే కండ కదులుతుంది. ఆ వెంటనే ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది. పురుగుమందు ఆ ఎంజైమ్‌ను కట్టేసింది, బాబాయి ఒంట్లో కబురు ఆగకుండా మోగింది. కట్లపాము విషం నరం చివరనే పాడుచేసింది, అత్తకు కబురు బయటికే రాలేదు.

పత్తిచేను:
కండలు సరే అక్కా. చెమట, చొంగ మన చేతిలో ఉండవు కదా?

బయాలజీ మాస్టారు:
అవి స్వయంచోదిత నాడీ వ్యవస్థ పనులు. లాలాజలం, కంటిపాప, గుండె వేగం, చెమట మనం చెప్పకుండానే నడుస్తాయి. అక్కడా చాలా నరాలు వదిలేది అసిటైల్‌కోలినే. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెను వేగస్ నరంతో (మెదడు నుంచి గుండెకు వచ్చే నరం) నెమ్మదింపజేసి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని ఇంకో గుండెకు పోస్తే అదీ నెమ్మదించింది. నరం రసాయనంతో మాట్లాడుతుందని అలా తేలింది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఐసీయూ నర్సు:
బాబాయికి అట్రోపిన్ మళ్లీ మళ్లీ ఎక్కించి ఉంటారు. అది చొంగను, ఊపిరితిత్తుల్లో చేరే తేమను ఆపుతుంది, కండల నీరసాన్ని ఆపలేదు. ఇంకో మాట. నాగుపాము విషం కండ మీది రిసెప్టర్లను మూసేస్తుంది, అందుకే ఆ ఎంజైమ్‌నే కాసేపు ఆపి అసిటైల్‌కోలిన్‌ను పెంచే నియోస్టిగ్మిన్ అనే మందు అక్కడ ఉపయోగపడుతుంది. కట్లపాముకు అంతగా పనిచేయదు. యాంటీవెనమ్ ఇచ్చినా పాడైన నరం చివర్లు మళ్లీ పెరగాల్సిందే, అందాకా వెంటిలేటరే ఊపిరి.

కాటు తిన్నవాణ్ణి:
నేను తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. కళ్లు తెరవలేను, వేలు కదపలేను, కానీ అన్నీ వినపడేవి. ఇక ఆశ లేదని నా మంచం పక్కనే ఎవరో అన్నారు. కట్లపాము కరిచినవాళ్ల దగ్గర దయచేసి జాగ్రత్తగా మాట్లాడండి. విషం కండల్ని ఆపుతుంది, తెలివిని కాదు.

పత్తిచేను:
అన్నా, అత్త లేచాక "నువ్వు ఏడ్చింది వినపడిందిరా" అన్నది. మేం కలవరింత అనుకున్నాం. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.