‘డ్రిఫ్ట్’కి తెలుగు మాట: జారుడా, శ్రుతి తప్పడమా?

ప్రశ్న: హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు పరీక్ష రాసేవాళ్ల కోసం తెలుగులో పాఠాలు తయారవుతున్నాయి. ‘ఫ్రీక్వెన్సీ డ్రిఫ్ట్’ని ‘అస్థిరత్వం’ అంటే చాలా? ‘శ్రుతి తప్పడం’ ఇంకా తెలుగుగా ఉందనిపిస్తోంది.

జవాబు: అస్థిరత్వం అని ఊరుకుంటే చదివేవాడికి ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియదండీ. ఆ మాట కింద మూడు వేరువేరు జబ్బులున్నాయి. సెట్ వేడెక్కే కొద్దీ ఫ్రీక్వెన్సీ మెల్లగా ఒకవైపే పోతే అది జారుడు. పెట్టె మీద తట్టినా, చెయ్యి దగ్గరికి తెచ్చినా కదిలితే అదురు. మోర్స్ కీ నొక్కగానే స్వరం ‘కుయ్’మని వంగితే అది చిర్ప్, దాన్ని అలాగే ఉంచేయండి, హామ్‌లందరూ అనేది అదే.

జారుడుకి అసలు కారణం వేడి. పాత బిట్‌ఎక్స్ 40 తరహా సెట్‌నే తీసుకోండి, మన హైదరాబాద్ డిజైనే కదా. దాని వీఎఫ్‌ఓ (స్టేషన్ మార్చడానికి తిప్పే ఆసిలేటర్) 5 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. కాయిల్‌ని ఎరుపు టొరాయిడ్ (ఉంగరం ఆకారపు కోర్, టీ50-2) మీద చుడితే ఇండక్టెన్స్ డిగ్రీకి 95 పీపీఎం (పది లక్షల్లో 95 వంతులు) పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ అందులో సగం, అంటే డిగ్రీకి దాదాపు 240 హెర్ట్జ్ కిందికి జారుతుంది. పసుపు టొరాయిడ్‌ది (టీ50-6) 35 పీపీఎమ్మే, అంటే 90 హెర్ట్జ్ లోపే. మే నెలలో మేడ మీది గదిలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

చుట్టిన కాయిల్‌ని కొన్ని నిమిషాలు నీళ్లలో మరిగించి, పూర్తిగా ఆరాక బిగిస్తే తీగలోని బిగువు పోతుంది. కెపాసిటర్లు ఎన్‌పీఓ (వేడికి విలువ దాదాపు మారని) రకమే వాడాలి. ఒకటి పెద్దది పెట్టే బదులు మూడు నాలుగు చిన్నవి పక్కపక్కన కలిపితే ఒక్కొక్కటీ తక్కువ వేడెక్కుతుంది. మిగిలిన జారుడుకి విరుగుడు పాలీస్టైరీన్ కెపాసిటర్: దాని విలువ డిగ్రీకి సుమారు 150 పీపీఎం తగ్గుతుంది. పసుపు కాయిల్‌కి మొత్తం కెపాసిటెన్స్‌లో పావు వంతు దాంతో పెట్టి మొదలెట్టండి, ఆ తర్వాత కొలిచి సర్దుకోవాలి. సోల్డరింగ్ వేడికి అది కరిగిపోతుంది, కాలుని నోస్ ప్లయర్‌తో పట్టుకుని అతకండి.

మరో జవాబు: కోఠి గుజరాతీ గల్లీలో ‘డిస్క్ కెపాసిటర్’ అని మాత్రం అడిగితే ఏ రకమైనా చేతిలో పెడతారు. ‘ఎన్‌పీఓ’ అని విడిగా చెప్పాలి. అదురుకి మందు వేరు: ఇనుప పెట్టె, గట్టిగా బిగించిన గ్యాంగ్ (ట్యూనింగ్ కెపాసిటర్), కదలని పొట్టి వైర్లు. చిర్ప్‌కి వీఎఫ్‌ఓకి విడిగా 78ఎల్08 రెగ్యులేటర్, వెనక ఒక బఫర్ దశ (తర్వాతి దశల లోడ్ దాని మీద పడకుండా).

ప్రశ్న: మరి శ్రుతి?

జవాబు: అది వినేవాడికి తెలిసే ఫలితమండీ, కారణం కాదు. పైగా ఫ్రీక్వెన్సీని డిజిటల్ పద్ధతిలో పుట్టించే ఎస్‌ఐ5351 మాడ్యూల్‌లో 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఎప్పుడూ ఒకే మేర పక్కకి ఉన్నా శ్రుతి తప్పినట్టే వినిపిస్తుంది. అక్కడ ఉన్నది జారుడు కాదు, కచ్చితత్వం లేకపోవడం. కాలిబ్రేషన్ అంకె మారిస్తే సరిపోతుంది. జారుడుని ఏ అంకె మార్చినా ఆపలేం. ఆ మాడ్యూల్ రెగ్యులేటర్ పక్కన వేడెక్కుతుంటే మాత్రం నిజంగానే జారుతుంది. దూరంగా జరపండి, లేదా టీసీఎక్స్‌ఓ (వేడి ప్రభావాన్ని తానే సర్దుకునే క్రిస్టల్ ఆసిలేటర్) వేయండి.

ప్రశ్న: అయితే పాఠంలో ‘జారుడు: వేడి వల్ల ఫ్రీక్వెన్సీ మెల్లగా ఒకవైపే కదలడం’ అని రాయవచ్చా?

జవాబు: రాయండి. పక్కనే అభ్యాసం కూడా ఇవ్వండి: పెట్టె మూసి, స్విచ్ వేసిన క్షణం నుంచి అరగంట, నిమిషానికోసారి కౌంటర్ రీడింగ్ రాసుకోవాలి. మూత తీసి కొలిచిన అంకె పనికిరాదు.