వాసన పట్టే నాడీకణం తన గ్రాహకాన్ని ఎంచుకునే తీరు: లాటరీయా, ముందే గీసిన గీతా?

సందేహి:
చిట్టెలుక ముక్కులో వాసన గ్రాహకాలను, అంటే వాసన అణువులను పట్టుకునే ప్రోటీన్లను, తయారుచేసే జన్యువులు, పనిచేసేవాటినే లెక్కేసినా, దాదాపు 1,100 ఉంటాయి. మనిషిలో దాదాపు 400. ఈ జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో వెల్లడించారు. ఒక్కో నాడీకణం ఇన్నింటిలో ఒక్కదాన్నే, అందులోనూ తల్లి నుంచి వచ్చిన ప్రతినో తండ్రి నుంచి వచ్చిన ప్రతినో మాత్రమే, వాడుకుంటుంది. ఈ ఎంపిక యాదృచ్ఛికమని పాఠ్యపుస్తకాలు ఒక్క మాటతో తేల్చేస్తాయి. ఆ మాట నాకు మింగుడుపడడం లేదు. చిట్టెలుకలో పీ2 అనే గ్రాహకాన్ని వాడే కణాలకు నీలి రంగు వచ్చేలా చేసి చూసిన ప్రయోగం ఒకటుంది. ముక్కు పొరలో ఆ నీలి కణాలు చుక్కలు చుక్కలుగా చెదిరి ఉన్నా, వాటి తంతువులన్నీ మెదడు ముందుభాగంలోని ఘ్రాణకందంలో ఒకటి రెండు చోట్లకే వచ్చి కుచ్చులా ముడిపడ్డాయి. గమ్యం ఇంత కచ్చితంగా ఉన్నప్పుడు ఆరంభం మాత్రం గుడ్డిగా జరిగిందంటే నమ్మడమెలా?

ముక్కుసూటి:
గమ్యం కచ్చితంగా ఉండడానికి కారణం ఆ తంతువు దారి చూసుకోవడంలో ఎంపికైన గ్రాహకానికే పాత్ర ఉండడం. కాబట్టి ఆ కచ్చితత్వం ఎంపిక తర్వాతి సంగతే గాని, ఎంపిక ఎలా జరిగిందో చెప్పే సాక్ష్యం కాదు. కణం ఎంపిక చేసేటప్పుడు తన డీఎన్‌ఏనే శాశ్వతంగా కత్తిరించి అతికించుకుంటుందేమోనని ఒకప్పుడు అనుమానించారు, ఎందుకంటే రోగనిరోధక కణాలు చేసే పని అదే. 2004లో వాసన నాడీకణపు కేంద్రకాన్ని, కేంద్రకం తీసేసిన అండంలో పెట్టి చిట్టెలుకలను పుట్టించారు. ఆ పిల్లల ముక్కుల్లో ఒక్క గ్రాహకమే కాక రకరకాల గ్రాహకాలు కనిపించాయి. అంటే కేంద్రకాన్నిచ్చిన ఆ నాడీకణం చేసుకున్న ఎంపిక డీఎన్‌ఏలో చెరగని రాతగా మిగలలేదు. ఎంపిక యాదృచ్ఛికమనే నా అభిప్రాయం.

క్రోమాటిన్ చదువరి:
రాత చెరుగుతుందన్నంత మాత్రాన చీటీలన్నీ ఒకే కుండలో ఉన్నాయని అర్థం కాదు, ఇక్కడే మీతో విభేదిస్తున్నాను. ముక్కు పొర పైభాగంలో పుట్టిన కణానికి అందుబాటులో ఉండే గ్రాహకాలు వేరు, కిందిభాగంలో పుట్టినదానికి వేరు. పైగా ఈ జన్యువులు తొలిదశలోనే గట్టిగా ముడుచుకున్న క్రోమాటిన్‌లో, అంటే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకున్న డీఎన్‌ఏ పోగులో, బందీ అవుతాయి. వాటిలో ఒకదాన్ని విడిపించడానికి జన్యు క్రియను పెంచే డీఎన్‌ఏ ముక్కలైన ఎన్‌హాన్సర్లు కావాలి. చిట్టెలుకలో అలాంటివి 63 గుర్తించారు. వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నా, ఎల్‌హెచ్‌ఎక్స్2, ఈబీఎఫ్, ఎల్‌డీబీ1 అనే ప్రోటీన్ల సాయంతో అవి కేంద్రకంలో ఒకచోట గుమిగూడి, ఎంపికైన జన్యువు చుట్టూ చేరతాయి. ఇంత ఏర్పాటున్నదాన్ని లాటరీ అనడం సగం నిజమే.

ముక్కుసూటి:
ఆ గుమిగూడడం మీదే నాకు పేచీ. 14వ క్రోమోజోము మీద ఉన్న హెచ్ అనే ఎన్‌హాన్సర్ మొత్తం ఎంపికకు తాళంచెవి అని 2006లో ఊహించారు. 2007లో రెండు బృందాలు దాన్ని తొలగించి చూస్తే పక్కనే ఉన్న కొద్ది జన్యువులు మాత్రమే మూగబోయాయి. మిగతా క్రోమోజోముల జన్యువులకు చీమ కుట్టినట్లు కూడా లేదు.

క్రోమాటిన్ చదువరి:
ఆ ప్రయోగం ఫలితాన్ని నేను కాదనను. హెచ్ ఒక్కటే తాళంచెవి అన్న ఊహ వీగిపోయింది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ 63 స్తంభాల మండపంలో ఒక స్తంభం తీసి, కప్పు కూలలేదు గనుక స్తంభాలతో పనిలేదని అనలేం కదా. గుంపును కట్టి ఉంచే ఎల్‌డీబీ1ను పరిణత నాడీకణాల్లో తొలగించినప్పుడు ఆ గుంపు చెదిరిపోయి, గ్రాహక జన్యువుల క్రియ విస్తృతంగా పడిపోయింది. అవసరం ఒక్క ఎన్‌హాన్సర్‌ది కాదు, కూటమిది.

సందేహి:
మరి ఎంపిక ఒక్కదాని దగ్గరే ఆగిపోవడమెందుకు?

క్రోమాటిన్ చదువరి:
ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే. ప్రోటీన్‌ను తయారుచేయలేని, పాడైన గ్రాహక జన్యువు ఎంపికైతే, కణం తరచుగా మరొకదాన్ని ఎంచుకుంటుంది. చెల్లని చీటీ వస్తే మళ్లీ తీయవచ్చన్నమాట. చెల్లే చీటీ వచ్చినప్పుడు, కొత్తగా పుట్టిన గ్రాహక ప్రోటీన్, కణంలో ప్రోటీన్లు రూపుదిద్దుకునే చోటైన అంతర్జీవద్రవ్య జాలకంలో ఒత్తిడి కలిగిస్తుంది. మామూలుగా ఇది కణానికి ఆపద సూచన. ఇక్కడ మాత్రం ఆ సూచనే ఏటీఎఫ్5 అనే ప్రోటీన్ తయారీకి దారితీస్తుంది. తర్వాత జన్యువులను విడిపించే ఎల్‌ఎస్‌డీ1 ఎంజైము తగ్గిపోయి, తలుపు మూసుకుంటుంది. 2013లో వెల్లడైన ఈ క్రమంలో కణం తన ఇబ్బందినే గడియగా వాడుకుంటోంది. అయితే ఎదిగీ ఎదగని నాడీకణాలను ఒక్కొక్కటిగా పరిశీలించిన 2015 నాటి అధ్యయనాల్లో, ఒకే కణంలో పలు గ్రాహకాల ఆర్‌ఎన్‌ఏ కొద్దికొద్దిగా కనిపించింది. కాబట్టి దీన్ని ఒక్క చీటీ తీయడంలా కాక, చాలా జన్యువుల మధ్య పోటీలా, అందులో ఒకటి మిగిలినవాటిని అణచివేయడంలా చూడడమే సరి.

ముక్కుసూటి:
పోటీలో పాల్గొనేవారిని స్థానం, క్రోమాటిన్ వడకడతాయని ఒప్పుకుంటాను. ఆ వడపోతలో మిగిలినవారిలో గెలిచేదెవరో మాత్రం ముందుగా చెప్పలేమంటాను. కానీ మీ గడియ వాదనకు ఒక చిక్కుంది. తోటి జంతువులు వదిలే రసాయన సంకేతాలైన ఫెరమోన్లను పసిగట్టే వోమెరోనాసల్ అవయవంలో వీ1ఆర్ గ్రాహకాలున్న కణాలు ఒక్కదానికే కట్టుబడతాయి. అదే అవయవపు అడుగు పొరలోని వీ2ఆర్ కణాలు మాత్రం ఒక ప్రత్యేక గ్రాహకంతో పాటు, సీ కుటుంబానికి చెందిన మరొకదాన్ని కూడా పక్కన పెట్టుకుంటాయి. మొదటి ప్రోటీన్ రాగానే తలుపు మూసుకుంటే, ఆ రెండోది లోపలికి ఎలా వచ్చింది?

క్రోమాటిన్ చదువరి:
గడియ ఒక్కో గ్రాహక కుటుంబానికి వేరువేరుగా పడుతుందనుకుంటే మీ చిక్కు వీడుతుంది. అయితే అది నా ఊహ. ముక్కు ప్రధాన పొరలో తేలిన క్రమాన్ని యథాతథంగా అక్కడికి మోసుకెళ్లడం తొందరపాటే, ఆ మేరకు మీ అభ్యంతరం న్యాయమైనదే.